కారులో ఒక్క రాత్రి కాపురానికి

నవంబరు మొదటి వారంలో మా ఇంట్లో ఏటా ఒక తంతు జరుగుతుంది. గరాజ్‌లో పై అరలో ఉన్న నీలం ప్లాస్టిక్ పెట్టె దించి, అందులోని సామానంతా నేల మీద పరిచి, ఒక్కొక్కటీ తడిమి చూసి, చెడిపోయినవి తీసేసి, తక్కినవి సర్ది కారులో పెడతాను. మా ఆవిడ దీనికి పెట్టిన పేరు బొమ్మల కొలువు. సంక్రాంతికి రెండు నెలల ముందే మొదలై ఏప్రిల్ దాకా ఎత్తని కొలువు.

మేముండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్ శివార్లలో. కొత్తగా వచ్చిన మన కుర్రాళ్లు, టెక్సాస్ నుంచి మారినవాళ్లో, నేరుగా హైదరాబాద్ నుంచి దిగినవాళ్లో, మొదటి మంచు పడగానే అడిగేది ఒకటే: "అన్నా, వింటర్ ఎమర్జెన్సీ కిట్ ఏది మంచిది? లింకు పంపవా." నేను లింకు పంపను. పంపకపోగా అరగంట ఉపన్యాసం ఇస్తాను. విని విని విసుగెత్తిన ఒకడు, "ఇదేదో రాసి పెట్టు అన్నా, అందరం ఒకేసారి చదివేస్తాం" అన్నాడు. సరే.

నా గొడవ ఏమిటో ముందే చెప్తాను. షాపుల్లో దొరికే రెడీమేడ్ కిట్లు దాదాపు అన్నీ కారు ఆగిపోతే ఏం చేయాలి అన్న ఆలోచనతో తయారైనవి. మంచు తుపానులో మనకొచ్చే కష్టం వేరు. కారు బ్రహ్మాండంగా ఉంటుంది, రోడ్డు కదలదు. గంటలకొద్దీ, ఒక్కోసారి రాత్రంతా, పెళ్లాం పిల్లలతో ఉన్నచోటే కూర్చోవాలి. పెట్టె సర్దుకునేటప్పుడు మెకానిక్‌లా ఆలోచించకూడదు. రాత్రి రైలుకి బెడ్డింగు కట్టే మన అమ్మమ్మల్లా ఆలోచించాలి.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. కొన్నేళ్ల క్రితం జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, మా తమ్ముణ్ని పక్క రాష్ట్రం నార్త్ డకోటాలోని ఫార్గోలో వాడి యూనివర్సిటీ దగ్గర దించి వెనక్కి వస్తున్నాం. కారులో నేను, మా ఆవిడ, నాలుగేళ్ల పాప, ఆరు నెలలకని తెనాలి నుంచి వచ్చిన అమ్మ. ఫార్గో నుంచి మినియాపోలిస్‌కి ఐ-94 హైవే మీద సుమారు 235 మైళ్లు, మూడున్నర గంటల దారి. ఆకాశం నీలంగా మెరుస్తోంది. ఒక్క మంచు రేకు పడటం లేదు. అది చూసే బయల్దేరాను.

అక్కడి నేల గురించి కాస్త చెప్పాలి. రెడ్ రివర్ లోయ అంటారు గానీ లోయలా ఉండదు. మా డెల్టా పొలాల్లాగే కంటికి ఆనినంత మేర పళ్లెంలా చదునుగా ఉంటుంది, కొబ్బరి చెట్లు మాత్రం ఉండవు. అంతకుముందు పడ్డ పొడి మంచు ఆ పొలాల మీద పిండిలా వదులుగా పరుచుకుని ఉంటుంది. గాలి లేచిందంటే ఆ పిండంతా లేచి రోడ్డుకి అడ్డంగా పరిగెడుతుంది. తలెత్తితే నీలాకాశం కనిపిస్తూనే ఉంటుంది, తల దించితే ముందున్న కారు కనిపించదు. దీన్ని ఇక్కడ గ్రౌండ్ బ్లిజార్డ్ అంటారు. ఇవాళ మంచు పడుతుందా లేదా అన్నది ఒక్కటే చూసుకుని బయల్దేరే నాలాంటి వాళ్లకి ఇది అర్థమయ్యేసరికి ఆలస్యమైపోతుంది.

బార్న్స్‌విల్ దాటాక ముందెక్కడో ఒక పెద్ద ట్రక్కు రోడ్డుకి అడ్డం తిరిగింది. దాని వెనక ట్రక్కులు, వాటి వెనక కార్లు, ఆ కార్లలో మేము. మధ్యాహ్నం మూడున్నరకి ఆగిన కారు మళ్లీ కదిలింది రాత్రి తొమ్మిదికి. బయట మైనస్ 10 ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 23. గాలిని కూడా కలుపుకుంటే ఇంకా కిందికి. గ్యాస్ (పెట్రోలుని ఇక్కడ అలాగే అంటారు) పావు ట్యాంకు కంటే ఓ గీత ఎక్కువ ఉంది. "దారిలో అలెగ్జాండ్రియా ఊళ్లో కొట్టిద్దాంలే" అని ఫార్గోలో బంకు దాటి వచ్చిన మహానుభావుణ్ని నేనే.

కిట్ లేకపోలేదు. బ్లాక్ ఫ్రైడేకి కొన్న ఎర్ర సంచి, పైన 72 వస్తువులు అని రాసి ఉంది. అది డిక్కీలో, రెండు సూట్‌కేసుల కింద, పాప స్ట్రోలర్ అడుగున ఉంది. తీద్దామని తలుపు తెరిస్తే గాలి తలుపుని నా చేతిలోంచి లాక్కుంది. తిరిగి సీట్లో కూలబడేసరికి కనురెప్పల వెంట్రుకలు అతుక్కుపోయాయి, వేళ్లకి స్పర్శ లేదు. ఇంత సాహసం చేసి తెచ్చిన సంచి విప్పితే జంపర్ కేబుళ్లు, కారు లాగే తాడు, ఎర్ర త్రికోణం, స్క్రూడ్రైవర్, టేపు, ఒక ఈల, నా చేతికి పట్టని నూలు గ్లవుజులు, చాక్లెట్ రేకులాంటి వెండి దుప్పటి ఒకటి ఉన్నాయి. తక్కినవన్నీ బ్యాండ్‌ఎయిడ్లు. ఒక్కో బ్యాండ్‌ఎయిడ్‌నీ ఒక వస్తువుగా లెక్కేస్తే 72 అయ్యాయి. మేం నలుగురం, వెండి దుప్పటి ఒకటి.

"ఆ ఈల ఊదితే ఎవరొస్తార్రా?" అంది అమ్మ, నిజంగానే తెలుసుకుందామని.

ఆ పూట మమ్మల్ని కాపాడింది పొద్దున నేను వద్దన్న మూట. "కారులో హీటర్ ఉందమ్మా, ఇదంతా ఎందుకు" అని నేను విసుక్కుంటుంటే, వినపడనట్టు అమ్మ కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్న మూట. అందులో ఒక రగ్గు, రెండు శాలువాలు, మంకీ క్యాప్, ఫ్లాస్కులో టీ, తమ్ముడికి ఇవ్వగా మిగిలిన జంతికలు, అరిసెలు, ఒక పెరుగు డబ్బా ఉన్నాయి. అమెరికాలో తెలుగు ఇంట్లో పెరుగు డబ్బా అంటే తెలిసిందే. పెరుగు తప్ప అన్నీ ఉంటాయి. ఇది ఖాళీది. వాంతులైతే పనికొస్తుందని పెట్టుకుందట. వాంతులు ఎవరికీ కాలేదు. కానీ షుగరున్న మనిషి ఐదున్నర గంటలు కారులో కూర్చుంటే ఏమవుతుందో, నాలుగేళ్ల పిల్ల కూర్చుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా. మా ఆవిడ శాలువా అడ్డం పట్టుకుంది, నేను అద్దంలోంచి ఉత్తర దిక్కు చూస్తూ కూర్చున్నాను. ఇన్ని కిట్లు, ఇన్ని జాబితాలు చూశాను గానీ ఈ ఒక్క అవసరాన్ని పట్టించుకున్నవి చాలా తక్కువ. ఆగిపోయిన కారులో ఆకలి కంటే, కొన్నిసార్లు చలి కంటే కూడా ముందు వచ్చేది అదే. మూత గట్టిగా పట్టే డబ్బా, టిష్యూ రోల్, రెండు మూడు గట్టి కవర్లు. ఇందులో సిగ్గుపడేదేం లేదు.

మాది చిన్న కథ. పెద్దవి చాలా ఉన్నాయి. 2022 జనవరి 3న వర్జీనియాలో ఐ-95 మీద, ఫ్రెడరిక్స్‌బర్గ్ చుట్టుపక్కల, దాదాపు 50 మైళ్ల మేర వందలాది వాహనాలు ఆగిపోయాయి. ఐ-95 అంటే అడవి దారి కాదు, దేశంలో అత్యంత రద్దీగా ఉండే రహదారుల్లో ఒకటి. మొదట వాన పడటంతో, రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండా ముందుగా ఉప్పు చల్లడం కుదరలేదు. తర్వాత ఆ వానే దట్టమైన మంచుగా మారింది, ట్రక్కులు అడ్డం తిరిగాయి. కొందరు 24 గంటలకి పైగా కార్లలోనే ఉన్నారు. వాళ్లలో సెనేటర్ టిమ్ కెయిన్ ఒకరు. రిచ్‌మండ్ నుంచి వాషింగ్టన్‌కి రెండు గంటల దారి ఆయనకి 27 గంటలు పట్టింది. ఫ్లోరిడా నుంచి తిరిగొస్తున్న ఒక కుటుంబం కారు కారుకీ తిరిగి నారింజలు పంచుతూ ఆయనకీ ఒకటిచ్చింది. అమెరికా సెనేటరు చేతిలో ఒక నారింజ! పదవికి తగ్గ కాన్వాయ్ ఉన్నా మంచు దాన్ని కూడా అక్కడే ఆపేసేది. అదృష్టం కొద్దీ అక్కడ ఎవరూ చనిపోలేదు. ఆ 24 గంటల్లో ఎవరికైనా జంపర్ కేబుళ్లు ఎన్నిసార్లు అవసరపడి ఉంటాయి, దుప్పటి ఎన్నిసార్లు అవసరపడి ఉంటుంది?

అదే ఏడాది క్రిస్మస్‌కి న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో అంత అదృష్టం లేదు. ఆ తుపానులో 40 మందికి పైగా పోయారు. కొందరు మంచులో కూరుకుపోయిన కార్లలో, కొందరు కారు దిగి నడుస్తూ, కొందరు వేడి లేని ఇళ్లలో. ఫైరింజన్లు, అంబులెన్సులే కదల్లేని పరిస్థితి. "ఫోన్ ఉంది కదా, 911కి కొడితే వస్తారు" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఫోన్ మోగుతుంది. అవతల ఎత్తుతారు కూడా. రావడానికి వాళ్లకీ రోడ్డే కావాలి. చిన్న మాట: ఫోన్ చేసినప్పుడు రోడ్డు పక్కన ఆకుపచ్చ బోర్డు మీద మైలు నంబరు ఏముందో చెప్పాలి. కారు ఆగేటప్పుడే ఆఖరిగా దాటిన నంబరు గుర్తు పెట్టుకోండి, గాలి లేచాక అది కనిపించదు.

ఇక "ఏదీ రాకపోతే నడిచి వెళ్లిపోదాం" అనే ఆలోచన. మన మగాళ్లకి ఇది ముందు పుడుతుంది. ఏదో ఒకటి చేస్తున్నట్టు ఉండాలి కదా. 2006 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వెళ్లిన జేమ్స్ కిమ్ అనే టెక్నాలజీ వెబ్‌సైట్ సంపాదకుడి కుటుంబం ఒరెగాన్ కొండల్లో దారి తప్పి మంచులో చిక్కుకుంది. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు. వారం రోజులు కారులోనే ఉన్నారు. టైర్లు కాల్చి పొగ పెట్టి చూశారు. డిసెంబరు 2న సాయం తెస్తానని ఆయన నడిచి బయల్దేరాడు. 4న హెలికాప్టర్ కారు దగ్గర భార్యాపిల్లల్ని కనిపెట్టింది, ప్రాణాలతో. 6న ఆయన శవం దొరికింది. నేను ఆయన్ని తప్పు పట్టను. వారం రోజులు పిల్లల ముఖాలు చూస్తూ కూర్చున్న తండ్రి ఏం చేస్తాడు? కానీ ఆ కథ చదివిన దగ్గర్నుంచి నా పెట్టెలో ఏ వస్తువు పెట్టాలన్నా ఒకటే ప్రశ్న వేసుకుంటున్నాను: ఇది నన్ను కారులో ఉండనిస్తుందా, బయటికి పొమ్మంటుందా? వెతికేవాళ్లకి పైనుంచి మనిషి కంటే కారు ముందు కనిపిస్తుంది. కనిపించడానికి ఇంకో చిట్కా, ఏదైనా ఎర్ర గుడ్డ కారు బయట కట్టమంటారు. పేరంటాల్లో వచ్చిన జాకెట్ ముక్కలు ప్రతి ఇంట్లో దొంతరలుగా ఉంటాయి, ఒకరిచ్చింది ఇంకొకరికి ఇస్తూ తిప్పుతుంటాం కదా, ఆ తిరుగుడులోంచి ఒక ఎర్రది తీసి కారులో పడేయండి. పక్క అద్దానికి కడితే అంత దూరం నుంచి కనిపిస్తుంది. ఆ ముక్కకి అంతకంటే మంచి గతి ఉండదు.

చలి కంటే నిశ్శబ్దంగా చంపేది ఇంకొకటుంది. అదే 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని మర్రీలో, మంచు చూద్దామని కొండెక్కిన కుటుంబాలు కార్లలో ఇరుక్కుని 20 మందికి పైగా చనిపోయారు. మనలాగే మంచు అలవాటు లేని మనుషులు, పిల్లలతో, సెలవు సరదాగా వెళ్లినవాళ్లు. హీటర్లు వేసుకుని అద్దాలు బిగించుకుని పడుకున్నారు. సైలెన్సర్ చుట్టూ మంచు పేరుకుంటే పొగ బయటికి పోలేదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మగత, తర్వాత ఏమీ తెలియదు. 1978లో బోస్టన్ దగ్గర రూట్ 128 మీద మూడు వేలకి పైగా కార్లు మంచులో కూరుకుపోయినప్పుడు కూడా ఇలాగే కార్లలో కొందరు పోయారు. అందుకే నా పెట్టెలో రెండు వస్తువులు మిగతావాటి కంటే పై వరసలో ఉంటాయి. ఒకటి మడత పెట్టే చిన్న పార. చక్రాల చుట్టూ తవ్వడానికి అని అందరూ అనుకుంటారు, దాని అసలు పని సైలెన్సర్ చుట్టూ ఉన్న మంచు తీయడం. ఇంజిన్ వేసే ప్రతిసారీ ముందు దిగి అక్కడ చూసి రావాలి. రెండోది బ్యాటరీతో పనిచేసే చిన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం. ఇంట్లో పెట్టుకునేదే, ప్రయాణాలకి తీసుకెళ్లేంత చిన్నది దొరుకుతుంది.

ఇంజిన్ ఎంతసేపు వేయాలి? ఇక్కడి పోలీసులు, హైవేవాళ్లు ఏళ్లుగా చెప్పేది గంటకి పది నిమిషాలు, గాలి కొట్టని వైపు అద్దం ఒక వేలు మందం దించి. చిన్న కారు ఊరికే నిలబడి గంటకి పావు గ్యాలను నుంచి అర గ్యాలను దాకా తాగుతుంది. సగం ట్యాంకు ఉంటే, గంటకి పది నిమిషాల లెక్కన రోజుల తరబడి వస్తుంది. ఆపకుండా వేస్తే ఒక రాత్రి గడుస్తుందేమో. నాకు ఆ రోజు పావు ట్యాంకుతో పట్టిన టెన్షన్ ఇంకా గుర్తుంది. ముల్లు వంక చూడకూడదనుకుంటూ చూస్తూ ఐదున్నర గంటలు గడిపాను. ఇప్పుడు నవంబరు నుంచి మార్చి దాకా మా కారుకి సగం అంటే ఖాళీ అని లెక్క. డబ్బు ఖర్చు లేని కిట్ ఇదొక్కటే. ఇవాళ కొట్టించినా వచ్చే వారం కొట్టించినా అదే గ్యాస్ కదా.

పది నిమిషాల వేడి తర్వాత యాభై నిమిషాలు ఎలా? ఇక్కడే బెడ్డింగు వస్తుంది. మన పత్తి దుప్పట్లు, బొంతలు పొడిగా ఉన్నంతసేపు బాగుంటాయి, తడిసాయంటే ఉన్న వేడి కూడా లాగేస్తాయి. ఉన్ని రగ్గు గానీ, చలికాలపు స్లీపింగ్ బ్యాగు గానీ మనిషికొకటి ఉండాలి. వెండి దుప్పటి పనికిరాదని అనను, మన వంటి వేడిని వెనక్కి కొడుతుంది. కానీ దానికి మందం లేదు. రగ్గు మీద కప్పుకుంటే లాభం, ఒక్కటే కప్పుకుంటే వణుకుతూ మెరుస్తాం, అంతే. కొవ్వొత్తి సంగతి ఇక్కడి పాతకాలపు వాళ్లు గొప్పగా చెప్తారు. కాఫీ డబ్బాలో కొవ్వొత్తి పెట్టి వెలిగిస్తే కారు వెచ్చబడుతుందని. మిన్నెసోటా వింటర్ కిట్లలో ఆ కాఫీ డబ్బాకి మన పసుపు కుంకుమలకున్నంత స్థానం ఉంది. లెక్క వేస్తే ఒక కొవ్వొత్తి ఇచ్చే వేడి సుమారు 80 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు ఇచ్చేది దాదాపు 100. అంటే పక్కన ఇంకో మనిషిని కూర్చోబెట్టుకున్నా కొవ్వొత్తి కంటే ఎక్కువే, నిప్పు భయం లేదు, అద్దం దించక్కర్లేదు. ఆ రోజు ముందు సీట్లు వదిలేసి నలుగురం వెనక సీట్లోకి చేరి, రెండు శాలువాలూ రగ్గూ కలిపి కప్పుకున్నాం. మేం అలా అతుక్కుని కూర్చున్నది పెళ్లికి బస్సులో వెళ్లినప్పుడే.

బట్టల సంగతి మాట్లాడితే మనవాళ్లకి కోపం వస్తుంది, అయినా మాట్లాడతాను. జనవరి మధ్యలో, ఏడాదిలోకెల్లా చలి ఎక్కువున్న రోజుల్లో, మన సంక్రాంతి సంబరాలు వస్తాయి. ముక్కోటి ఏకాదశి వస్తుంది, జనవరి ఒకటిన గుడి వస్తుంది. ఎక్కడెక్కడి నుంచో పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి దగ్గరికి గంటల తరబడి నడిపి వచ్చేవాళ్లు ఎందరో. పిల్లలకి పట్టు పరికిణీ, కాళ్లకి చెప్పులు, మగాళ్లకి పల్చటి లాల్చీ. కోటు ఇంట్లోనే. "వేడి గరాజ్‌లో ఎక్కుతాం, హాలు ముందు దిగుతాం, కోట్లెక్కడ పెట్టుకుంటాం" అని. మనం చేరే చోటుని బట్టి బట్టలు వేసుకుంటున్నాం, మధ్యలో ఉన్న దారిని బట్టి కాదు. దీనికి తోడు కారు సీట్లో పిల్లలకి లావు కోటు వేయకూడదన్న నియమం ఒకటుంది, బెల్టు వదులవుతుందని. అది సరైన నియమమే. కానీ వేయకూడదు అంటే తేకూడదు అని కాదు. మా కారులో ఇప్పుడు అందరి కోట్లు, టోపీలు, మందపాటి మేజోళ్లు, మంచు బూట్లు సీట్ల మధ్యలో ఉంటాయి. డిక్కీలో కాదు. తలుపు గడ్డకట్టి బిగుసుకుపోయినా, వెనక నుంచి ఎవరైనా గుద్దినా డిక్కీ తెరుచుకోదు. నా నీలం పెట్టె కూడా సీటు వెనకే.

తిండీ నీళ్లూ. ఇక్కడ మన వంటకాల గురించి కొన్ని కఠిన సత్యాలు కనిపెట్టాను. అరిసె మైనస్ 20లో పెంకు. పల్లీ చిక్కీ నల్లరాయి, పళ్లు కట్టించుకున్నవాళ్లు దగ్గరికి రాకూడదు. జంతికలకి ఏమీ కాదు, అందులో తడి లేదు కాబట్టి, కానీ ఉప్పుకి దాహం వేస్తుంది. మరమరాలు, వేయించిన పల్లీలు, జీడిపప్పు, ఎండుద్రాక్ష, ఇవి చాలు. పిల్లలకి తెలియకుండా పెట్టాలి, లేకపోతే డిసెంబరుకే అయిపోతాయి. నీళ్లు గడ్డకడతాయి. నిండా నింపితే సీసా పగులుతుంది, మూడింట రెండొంతులు పోయాలి. కారులో వదిలేయకుండా బయల్దేరేటప్పుడు ఇంట్లోంచి ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లడం అన్నిటికంటే మేలు. మంచు తిందాంలే అనుకోకండి, ఒంట్లో వేడి ఖర్చుపెట్టి దాన్ని కరిగించాలి. అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ల మాత్రలు రెండు రోజులవి వేరే డబ్బీలో. ఇన్సులిన్ మాత్రం కారులో వదలకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా పనిచేయదు. మనతోపాటు చొక్కా లోపల పెట్టుకుని వెళ్లాలి.

మరి జంపర్ కేబుళ్లు పారేయాలా? అక్కర్లేదు. చలికి బ్యాటరీ నిజంగానే నీరసపడుతుంది. సున్నా ఫారెన్‌హీట్ దగ్గర దాని బలంలో సగానికి పైగా పోతుంది, చిక్కబడిన ఆయిల్‌లో ఇంజిన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాల్సింది సరిగ్గా అప్పుడే. కానీ ఆ బాధ ఎక్కువగా ఇంటి ముందో ఆఫీసు పార్కింగ్‌లోనో వస్తుంది, ప్రాణం మీదికి రాదు. అక్టోబరులో బ్యాటరీ పరీక్ష చేయించుకోవడం, అద్దాలు తుడిచే నీళ్లు చలికి గడ్డకట్టని రకానికి మార్చడం, పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైర్లో ఒక పౌండు గాలి తగ్గుతుందని గుర్తుంచుకోవడం, ఇవి అందరూ చెప్పేవే. మా కారుకి నాలుగు చక్రాల డ్రైవ్ ఉంది అనేవాళ్లకి ఒకటే చెప్తాను, అది బయల్దేరడానికి సాయం చేస్తుంది, ఆపేది టైర్లు.

"మాది డల్లాస్ అండీ, మాకెందుకు ఇవన్నీ" అని మా బావగారు అనేవారు. 2021 ఫిబ్రవరి 11 పొద్దున డల్లాస్ పక్కనే ఫోర్ట్ వర్త్‌లో ఐ-35 వెస్ట్ మీద గడ్డకట్టిన వానకి 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. అట్లాంటాలో 2014 జనవరి 28న రెండు మూడు అంగుళాల మంచుకే ఊరు ఊరంతా రోడ్ల మీద ఇరుక్కుంది. పిల్లలు బడుల్లో, స్కూల్ బస్సుల్లో రాత్రి గడిపారు. మాకు రెండంగుళాలంటే స్కూలుకి సెలవు కూడా ఇవ్వరు. తేడా ఎక్కడుందంటే, మాకు మంచు తీసే బండ్లున్నాయి, ఉప్పు గుట్టలున్నాయి, హైవేల మీద తుపానులో మూసేసే గేట్లున్నాయి, అలవాటుంది. మీకు కారులో ఐస్ గీకే పుల్ల కూడా లేదు. నా లెక్కలో రగ్గు అవసరం మినియాపోలిస్ కారుకి ఎంతో డల్లాస్ కారుకీ అంతే, పోనీ ఇంకాస్త ఎక్కువ. బావగారు ఇప్పుడు అనడం లేదు.

మా తమ్ముడికి ఉద్యోగం వచ్చి ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. వాడి వాదన వాడిది: "నాకు సైలెన్సరే లేదు, మోనాక్సైడ్ గొడవ లేదు, రాత్రంతా హీటర్ వేసుకుని పడుకుంటా." ఇందులో నిజముంది, ఒప్పుకుంటాను. ఆగి ఉన్న ఎలక్ట్రిక్ కారులో హీటరుకి గంటకి ఒకటి రెండు యూనిట్లు ఖర్చవుతాయి. నిండు బ్యాటరీతో ఆగితే ఒక రోజు పైన గడుస్తుంది. చిక్కల్లా నిండుగా ఉండగా ఆగుతామా అన్నదే. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో చేసిన పరీక్షల్లో 20 ఫారెన్‌హీట్ (మన లెక్కలో మైనస్ 7) చలిలో హీటర్ వేస్తే సగటున 41 శాతం దూరం తగ్గింది. అంటే చలికాలంలో వాడు మామూలుగా ఇల్లు చేరేదే పాతిక శాతంతో. సగం అంటే ఖాళీ అన్న సూత్రం వాడికి నాకంటే ఎక్కువ వర్తిస్తుంది. వాడు విన్నాడో లేదో తెలియదు, రగ్గు మాత్రం పట్టుకెళ్లాడు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మా ఆవిడది. "ఇదంతా ఎందుకండీ, ఆ రోజు బయల్దేరకుండా ఫార్గోలో ఉండిపోతే సరిపోయేది." సరిపోయేది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు బయల్దేరే ముందు ఆకాశం కంటే, రోడ్ల సమాచారమిచ్చే 511లో రోడ్డు పరిస్థితి, గాలి వేగం చూస్తాను, రెండుసార్లు ప్రయాణం మానుకున్నాను కూడా. కానీ అందరికీ ఆ అవకాశం ఉండదు. షిఫ్టుకి వెళ్లాల్సిన నర్సు ఉంటుంది, లీవు అడగడానికి భయపడే కొత్త ఉద్యోగి ఉంటాడు, ఎయిర్‌పోర్టులో దిగిన అమ్మానాన్నలుంటారు. ఐ-95 మీద ఇరుక్కున్నవాళ్లు కూడా బయల్దేరేటప్పుడు వెర్రివాళ్లేం కాదు.

ఖర్చు చూస్తే, ఆ ఎర్ర సంచికి అరవై డాలర్లు పోశాను. నీలం పెట్టెకి కొత్తగా కొన్నది పార, అలారం, స్లీపింగ్ బ్యాగులు. తక్కినవన్నీ ఇంట్లోవే. ఎర్ర సంచి ఇంకా ఉంది, డిక్కీలో. పాప మోకాళ్లు గీరుకున్నప్పుడల్లా బ్యాండ్‌ఎయిడ్లు అందులోంచే తీస్తాం, ఇంకా అయిపోలేదు.

ఈ ఏడాది సర్దుతుంటే పాప వచ్చి పక్కన కూర్చుంది. ఇప్పుడు పెద్దదైంది, ప్రతిదానికీ ఆరా. పార ఎందుకు, అలారం ఎందుకు, ఎర్ర జాకెట్ ముక్క ఎందుకు అని అడిగి, ఓపిగ్గా విని, ఆఖర్న ఖాళీ పెరుగు డబ్బా తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాన్నా, ఇందులో ఏం పెట్టడం మర్చిపోయావు?"

"నానమ్మకి వీడియో కాల్ చేసి అడుగు" అన్నాను.